గ్లౌజు తియ్యని చెయ్యి

మా కౌంటీలో పాత ట్రెయిలరు కొనడానికి వెళ్ళినవాడు ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. టైర్లని బూటుతో తంతాడు. తన్నితే ఏం తెలుస్తుందో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు గానీ, తన్నకపోతే అమ్మేవాడు చిన్నబుచ్చుకుంటాడు. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పి, బేరింగు గరగరమంటుందేమో చెవిపెట్టి వింటాడు. అల్యూమినియంది అయితే స్టీలు బోల్టులు దిగిన చోట తుప్పులా తెల్లటి పొడి రాలుతుందేమో గోటితో గీరి చూస్తాడు. ఆఖర్న, అది నార్బర్ట్ వాండర్లిన్ వెల్డింగు చేసింది అయితే, గ్లౌజు తీసి అతుకు మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలాకే బేరం మొదలవుతుంది.

నార్బర్ట్ వేసిన అతుకు చల్లారదు. పాతికేళ్ళ క్రితం వేసిందైనా సరే, అప్పుడే పొదిగే కోడి కింద నుంచి తీసిన గుడ్డులా ఉంటుంది. జనవరిలో మోకాలి లోతు మంచు పడ్డా అతుకుల మీద నిలవదు. పాల రైతులు పొద్దున్నే ఆయన అతికిన గేట్ల మీద చేతులు కాచుకుని అప్పుడు పితకడానికి వెళ్తారు. శనివారాలు మట్టి ట్రాకు మీద పందెం కార్లు నడిపేవాళ్ళు, డ్రైవరు చుట్టూ ఉండే ఇనుప గొట్టాల పంజరం ఆయన చేతే వేయించుకుంటారు. కారు పల్టీలు కొట్టినా ఆ పంజరం ఇప్పటిదాకా విరగలేదు. ఇంత చేసినవాడు సొంత ఇంటికి మాత్రం ఒక్క అతుకూ వెయ్యలేదు. వాళ్ళ పెరటి గేటుకి ఇరవై ఏళ్ళు తీగ చుట్టే ఉంది, ఆర్డిస్ సణుగుతూనే ఉంది.

మార్చిలో నార్బర్ట్ గుండె ఆగి పోయాడు. సెప్టెంబరులో ఆర్డిస్, ఆయన తన చేత్తో అతికిన అల్యూమినియం ట్రెయిలరుని రోడ్డు పక్కకి లాగించి అట్టముక్క మీద "అమ్మబడును" అని రాసి పెట్టింది. అరిజోనాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామని ఆమె ఆలోచన.

దాన్ని చూడగానే లైల్ ప్రోకాప్‌కి ప్రాణం లేచివచ్చింది. లైల్ దాణా మిల్లులో మెకానిక్కు. ట్రాకులో అన్నిటికంటే చవక తరగతి కారు నడుపుతాడు. అతని పికప్పుకి స్టీలు ట్రెయిలరుని లాగే సత్తా లేదు, తేలికైన అల్యూమినియంది కొనే స్తోమత అతనికి లేదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి గురువారం ఎవరికో ఒకరికి ఫోను చేసి, ముందు వాళ్ళ ఆవుల క్షేమం, తర్వాత వాళ్ళ అత్తగారి మోకాలి క్షేమం అడిగి, చివరికి శనివారం పందేనికి కారు మోసుకెళ్ళడానికి ట్రెయిలరు అడిగేవాడు. అతని ఫోను వస్తే మేం "ఆవులు బాగున్నాయి, ట్రెయిలరు ఖాళీ లేదు" అని ముందే చెప్పేసేవాళ్ళం. నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఎంత మండిందో మాకు తెలియదు.

లైల్ ట్రెయిలరు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, చక్రాలు తిప్పాడు. బేరింగులు వెన్నలా తిరిగాయి. బోల్టుకీ అల్యూమినియానికీ మధ్య నార్బర్ట్ ప్లాస్టిక్ వాషర్లు వేసి ఉంచాడు, ఎక్కడా పొడి లేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆర్డిస్ పక్కనే స్వెట్టరు చుట్టుకుని నిలబడి చూస్తోంది. రెండేళ్ళ క్రితం కాన్సరు మందులకి ఆమె రెండు చేతుల్లోనూ స్పర్శ పోయింది. కాఫీ కప్పు వేడో చల్లనో కూడా ఆమెకి తెలియదు.

"అతుకు చూశావా?" అంది.

లైల్ వంగి, గ్లౌజు ఉన్న చేతినే అతుకు మీద పెట్టాడు. తోలు గ్లౌజు, మందంగా ఉంటుంది. ఏమీ తెలియలేదు. తీస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాలి.

"చల్లగా ఉందండీ," అన్నాడు.

బేరంలో అనే మాటే అది. అవతలివాళ్ళు "భలేవాడివే, మళ్ళీ చూడు" అంటారని అనే మాట. ఆర్డిస్ అలా అనలేదు. ఆమె ముఖం తెల్లబోయింది. ఒక నిమిషం ట్రెయిలరు వంక, ఒక నిమిషం మూసి ఉన్న వర్క్‌షాపు వంక చూసింది. తర్వాత, చచ్చిన అతుకున్న దానికి అంత ధర చెప్పడం తనదే తప్పనీ, క్షమించమనీ అని, లైల్ అడుగుదామనుకున్న దానికంటే కూడా తగ్గించి ఇచ్చేసింది. పైగా గ్రీజు గన్ను ఊరికే ఇచ్చింది. ప్రతి వసంతంలో బేరింగులకి గ్రీజు, చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లాక తప్పకుండా కడగడం, చక్రం ఊడదీసి బిగిస్తే యాభై మైళ్ళు నడిచాక మళ్ళీ నట్లు బిగించడం, ఇవన్నీ వంకరటింకర అక్షరాలతో కాగితం మీద రాసిచ్చింది.

ఇంటికి తెచ్చాక లైల్ గ్లౌజు తీశాడు. అతుకు వెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

మరుసటి ఆదివారం అతని భార్య కోరిన్ తడి సాక్సులు తెచ్చి ట్రెయిలరు పక్క అతుకు మీద ఆరేసింది. గంటలో ఆరిపోయాయి. వాటిని మడత పెట్టుకుంటూ మొగుడి వంక చూసింది. "చల్లగా ఉందని కదా ఆవిడ సగానికి ఇచ్చింది?" అంది. లైల్ ఏదో వెతుకుతున్నట్టు పనిముట్ల పెట్టెలోకి తల దూర్చాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆ సాక్సులు మాత్రం అతనికి ఇవ్వలేదు. అప్పట్నించి లైల్ ట్రెయిలరుని షెడ్డులోకి నెట్టి తలుపు వెయ్యడం మొదలుపెట్టాడు. బయట ఉండగా మంచు పడితే ఊరంతా చూస్తుందని భయం.

అక్కడితో అయిపోతే అదొక చిన్న దొంగతనం, మా ఊళ్ళో అలాంటివి చాలా ఉన్నాయి. కానీ ఆర్డిస్ నిజాయితీ గల మనిషి, అదే వచ్చిన చిక్కు. ఒక అతుకు చచ్చిందంటే మిగతావీ చస్తాయని ఆమె భయం. వర్క్‌షాపు గోడ మీద నార్బర్ట్ తెల్ల సుద్దతో తన ఖాతాదారుల ఫోను నంబర్లు రాసుకున్నాడు, అరవై మూడు. ఆమె రోజూ కొన్ని నంబర్లకి ఫోను చేసి, మా ఆయన అతుకులు చల్లారిపోతున్నాయి, దయచేసి చూసుకోండి, మీ పిల్లలు ఎక్కే కార్లు జాగ్రత్త అని చెప్పింది. అలా చెప్పడానికి ఆమె ఎంత కుంగిపోయి ఉంటుందో. అందరూ "అబ్బే, మాది వెచ్చగానే ఉంది" అన్నారు.

అక్టోబరులో ఆమె ఆపిల్ పళ్ళు పెట్టి తీపి రొట్టె చేసుకుని లైల్ ఇంటికి వచ్చింది. మెట్ల మీదే నిలబడి, "అందరూ వెచ్చగానే ఉందంటున్నారు. ముసలిదాన్ని కదా, జాలిపడి అంటున్నారు. నువ్వొక్కడివే నాతో నిజం చెప్పావు," అంది. ఆ రొట్టె అతని చేతిలో పెట్టింది. ఆ రోజు అతను భోజనం చెయ్యలేదు. కోరిన్ ఒక ముక్క కోసి అతని ముందు పెట్టి, తినే వరకూ ఎదురుగా కూర్చుంది.

తర్వాత నుంచి ప్రతి సోమవారం ఆర్డిస్ ఫోను చేసేది. నట్లు బిగించావా, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా అని అడిగేది. లైల్ "బిగించానండీ, వెలుగుతున్నాయండీ" అనేవాడు. నిజంగానే ఆ ట్రెయిలరుని అతను చూసుకున్నంత శ్రద్ధగా ఎవరూ చూసుకుని ఉండరు. రోజూ కడిగేవాడు. చెప్పాలనుకున్నది చెప్పలేక గ్రీజు పట్టించేవాడు.

నవంబరులో, జింకల వేట మొదలయ్యే ముందురోజు, ఆమె ఇంకో సంగతికి ఫోను చేసింది. వర్క్‌షాపులో నార్బర్ట్ ఆఖరుగా పంజరం అతికిన కారు ఉంది. ఎవరో కుర్ర డ్రైవరు కొంటానని తిరుగుతున్నాడు. ఆమె ఇవ్వనంది. తన మొగుడు వేసిన పంజరంలో కూర్చుని ఎవరి బిడ్డైనా చచ్చిపోతే ఆమె బతకలేదు. దాన్ని తుక్కు యార్డుకి తీసుకెళ్ళి నలిపించెయ్యాలి. "వేరేవాళ్ళకి చెబితే దారిలో అమ్ముకుంటారు. నిన్నే నమ్ముతాను," అంది. లైల్ సరేనన్నాడు. కాదనడానికి కారణం ఒక్కటే ఉంది, అది నోటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రెయిలరు కట్టుకుని, టార్పాలిన్ కూడా వేసుకుని వెళ్ళాడు. ర్యాంపులు దించి, కారుని ట్రెయిలరుకున్న వించి తాడుతో మెల్లగా పైకి లాగాడు. మరీ వెనక ఉంటే రోడ్డు మీద ట్రెయిలరు తోక ఊపుతుందని కొంచెం ముందుకి జరిపాడు. నాలుగు చక్రాలకీ బెల్టులు బిగించాడు. నలిపించడానికి తీసుకెళ్ళే కారుకి అంత జాగ్రత్త ఎందుకో అతనికే తెలియదు. బెల్టు బిగిస్తుండగా మంచు మొదలైంది, ఆ ఏడాది మొదటి మంచు.

పికప్పు మీద నిలిచింది. కప్పు ఇంకా బిగించని కారు బానెట్టు మీద నిలిచింది. ట్రెయిలరు పలక మీద సన్నగా పరుచుకుంది. ఒక్క అతుకుల మీదే నిలవలేదు. చూస్తుండగానే తెల్లటి ట్రెయిలరు మీద, తెల్లటి పంజరం మీద, నార్బర్ట్ వేసిన ప్రతి గీతా తడిగా నల్లగా తేలింది. లైల్ టార్పాలిన్ అందుకున్నాడు. వరండా మెట్లు దిగి ఆర్డిస్ రెండు కప్పుల కాఫీతో వస్తోంది. ఇరవై అడుగుల దూరం. ఒక్క విసురు విసిరితే కప్పేస్తుంది.

అతను టార్పాలిన్ కింద పడేశాడు.

ఆర్డిస్ దగ్గరికి వచ్చి పంజరం వంక చూసింది. పడ్డ మంచు పడ్డట్టే కరిగిపోతోంది. "ఇంజను వేడి కాబోలు," అంది మెల్లగా.

ఆ మాట పట్టుకుని ఒడ్డెక్కవచ్చు. ఆమే అందించింది.

"ఇంజను వెయ్యలేదండీ. వించితో లాగాను." లైల్ చెయ్యి చాపి కిందకి చూపించాడు. "ట్రెయిలరు కూడా చూడండి. అది ఎప్పుడూ చల్లారలేదు. ఆ రోజు నేను గ్లౌజు తియ్యలేదు."

ఆర్డిస్ ట్రెయిలరు వైపు తిరిగింది. ఒక కప్పు వంగి కాఫీ ఆమె వేళ్ళ మీద పోతున్నా ఆమెకి తెలియలేదు. లైలే కప్పులు రెండూ తీసుకుని కింద పెట్టాడు.

"గ్లౌజు నేను చూశాను," అందామె చివరికి. "తియ్యమందామనుకున్నాను. అంటే నిన్ను నమ్మనట్టు అవుతుందని, నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాను. నిన్ను నొప్పించకూడదని, మా ఆయన్ని ఊరంతా చెడ్డ చేసొచ్చాను."

లైల్ తిట్టమన్నాడు. ఆమె తిట్టలేదు. ర్యాంపు మీదుగా రెండడుగులు ఎక్కి, వంగి, పంజరం అతుకు మీద చెంప ఆనించింది. చేతులకే స్పర్శ లేదు, చెంపకి ఉంది. ఇన్నాళ్ళూ అలా చూసుకోవచ్చని ఆమెకి తెలుసు. చల్లగా తగిలితే ఏం చెయ్యాలో తెలియక చూసుకోలేదు. మంచు ఆమె జుట్టు మీద పడుతూనే ఉంది, ఆమె అలాగే ఉండిపోయింది. లైల్ పక్కకి తిరిగి నిలబడ్డాడు. జీవితంలో అంత సిగ్గు అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

దిగాక ఆమె అతన్ని వర్క్‌షాపులోకి తీసుకెళ్ళి, ఫోను చేతికిచ్చి గోడ చూపించింది. "పై నుంచి కిందకి, నేను చేసిన వరసలోనే చెయ్యి," అంది. "నీ పేరు ముందు చెప్పు." స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. లైల్ రెండు చేతుల గ్లౌజులూ తీసి జేబులో పెట్టుకుని మొదటి నంబరు నొక్కాడు.

ఆ గోడ మీద నాది నలభై ఒకటో నంబరు. నాకు ఫోను వచ్చేసరికి మధ్యాహ్నమైంది, అతని గొంతు బొంగురుపోయింది. "నేను లైల్ ప్రోకాప్‌ని. నార్బర్ట్ అతుకు వెచ్చగానే ఉంది. నేను గ్లౌజు తియ్యకుండా చల్లగా ఉందని అబద్ధం చెప్పాను," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అతన్ని చెడామడా తిట్టాను. ట్రెయిలరు అరువిచ్చిన పాత రోజులన్నీ తవ్వితీశాను. అతను ఒక్క మాట ఎదురు చెప్పకుండా విని, మిగతావాళ్ళకి చెయ్యాలండీ అని పెట్టేశాడు.

ఆ కారు తుక్కు యార్డుకి వెళ్ళలేదు, ఆర్డిస్ దాన్ని ఆ కుర్ర డ్రైవరుకే ఇచ్చింది. మే నెలలో ఆ కుర్రాడు దాన్ని మూడో మలుపులో నాలుగు పల్టీలు కొట్టించి, కాళ్ళ మీద నడుచుకుంటూ బయటికొచ్చాడు. దాన్ని ట్రాకుకి తెచ్చింది లైలే. నడిపించింది పక్క సీట్లో కూర్చుని అద్దాలు చూసుకోమని సణిగే ఆర్డిస్. అరిజోనా చెల్లెలు ఇంకా ఎదురుచూస్తోంది.

ఒక్క సంగతి మిగిలింది. సెప్టెంబరులో ఆర్డిస్ నాకు ఫోను చేసినప్పుడు నేను సోఫాలో పడుకుని టీవీలో ఆట చూస్తున్నాను. నార్బర్ట్ అతికిన మా కొట్టం గేటు యాభై అడుగుల దూరంలో ఉంది. లేవలేదు. "వెచ్చగానే ఉంది ఆర్డిస్, బెంగపడకు," అన్నాను. తర్వాత ఒకరినొకరం అడిగితే తేలింది, మాలో చాలామంది అంతే. మేం జాలిపడి అన్నామని ఆమె అనుకోవడం నిజమే.

ఆ రోజు లైల్‌ని తిట్టి ఫోను పెట్టేశాక బూట్లు వేసుకుని మంచులో కొట్టం దాకా వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గ్లౌజు తీశాను.