పెనాల్టీలకు ముందు

షార్జాలో జరుగుతున్న పదహారేళ్ళలోపు బాలికల అంతర్జాతీయ టోర్నమెంటు ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్ళింది. స్కోరు ఒకటి, ఒకటి. మస్కట్ నుంచి వచ్చిన జట్టుతో ఆట ఇలాగే ముగిస్తే ఏం చేయాలో షార్జా స్కూలు జట్టు కోచ్ వాసంతి ముందే నిర్ణయించుకుంది. పెనాల్టీలకు గోల్‌కీపరైన కెప్టెన్ అక్షయను తప్పించి, రిజర్వ్ గోల్‌కీపర్ నవతను దింపుతుంది. గాలిలో వచ్చే బంతిని అందుకోవడంలో అక్షయకు సాటి లేదు. పెనాల్టీలు ఆపడంలో మాత్రం నవతే మేటి. సాధనలో జట్టంతా చూసిన సంగతే అది.

ఈ ఆలోచన వాళ్ళ స్కూలు సోషల్ మాస్టారు రామ్మోహనరావు వల్ల కలిగింది. షార్జాలోనే రోలా ప్రాంతంలో ఉన్న తన ఫ్లాట్ నిండా పుస్తకాలు పేర్చుకొని, తప్పనిసరైతే తప్ప గడప దాటని మనిషి ఆయన. ముందురోజు పిల్లలకు తొలి ప్రపంచ యువజన ఫుట్‌బాల్ పోటీ గురించి చెప్పాడు. 1977లో ట్యునీషియాలో జరిగిన ఆ పోటీ ఫైనల్లో సోవియట్, మెక్సికో జట్లు సమంగా నిలిచాయి. సోవియట్ జట్టు పెనాల్టీల కోసమే రిజర్వ్ గోల్‌కీపర్‌ను దింపి కప్పు గెలిచింది.

"మరి బయటికొచ్చేసినాయన ఏమన్నాడు సార్?" అని అక్షయ అడిగింది.

"నేను చదివినవాటిలో ఎవరూ రాయలేదమ్మా."

"భలే చరిత్ర సార్! తిట్లన్నీ కోసేసినట్టున్నారు."

అందరూ నవ్వారు. వాసంతి మాత్రం నవ్వకుండా, "రేపు అవసరమైతే నేను గూడ అట్లనే చేస్త. ఇప్పుడే చెప్తున్న" అంది. అక్షయ నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు ఆ అవసరం వచ్చింది. అదనపు సమయంలో ఒక్క నిమిషమే మిగిలింది. చివరి విజిల్ మోగాక మార్పు కుదరదు. ఈలోపు బంతి గీత దాటి ఆట ఆగితేనే కుదురుతుంది. గీత పక్కన నవత సిద్ధంగా నిలబడింది. నాలుగో రెఫరీ మారే ఆటగాళ్ళ నంబర్లు చూపే బోర్డు చేతబట్టుకున్నాడు. బంతి మాత్రం బయటికి పోవడం లేదు. ఇంతలో మస్కట్ పిల్ల బలంగా కొట్టిన బంతిని అక్షయ ఎగిరి రెండు చేతులా పట్టుకుంది.

ఇక ఆట ఆగాలంటే అక్షయే ఆపాలి.

"బయటికి కొట్టు బిడ్డా!" వాసంతి అరిచింది.

ఫైనల్ కోసం ఇల్లు కదిలి ఆమె పక్కనే నిలబడ్డ రామ్మోహనరావు, "అంత పని ఆ పిల్లనే అడగాలా వాసంతిగారూ?" అన్నాడు.

"కెప్టెన్ సార్ ఆమె. ఇంకెవర్ని అడుగుత?"

అక్షయ బోర్డు మీద తన నంబరు చూసింది. బంతిని పక్కనున్న డిఫెండర్‌కు దొర్లిస్తే చాలు. విజిల్ మోగుతుంది, గోల్ కాపలా తనకే మిగులుతుంది, తప్పుపట్టేవారు కూడా ఉండరు. డిఫెండర్ బంతి కోసం చేయి ఊపింది. అక్షయ ముందుకు వచ్చి, ఆమె తల మీదుగా బంతిని బలంగా తన్నింది. అది మస్కట్ బెంచీ వెనక్కి వెళ్ళి పడింది.

రెఫరీ ఆట ఆపాడు. అక్షయ పరుగున వచ్చి నవత భుజాలు పట్టుకుంది.

"పదో నంబరు పిల్ల ఓవైపు చూసి ఇంకోవైపు కొడుద్ది. దాని మొహం చూడకు, కాలే చూడు. యల్లా, పో!"

నవత గోల్ వైపు పరిగెత్తింది. కాసేపటికే విజిల్ మోగింది. వాసంతి అక్షయ భుజం మీద చేయి వేయబోయింది.

"తర్వాత మిస్. నవత ఇటే చూస్తోంది."

అక్షయ గీత అంచుకు వెళ్ళి, నవతకు బాగా కనబడే చోట నిలబడి, గ్లవ్స్ తీయకుండానే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.