దిబ్బనూతి నీళ్ళు మోసిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఈ సంగతి నేను చెప్పుకునే లోపే ఎదురింటి నూకరత్నం చినమెరక ఊరంతా చెప్పేసింది. "హైమావతికి మతి చలించిందంట. తాతగారి మరచెంబు అటక మీంచి దింపి, దాంతో దిబ్బనూతి నీళ్ళు తెచ్చుకుని బొమ్మలేస్తందంట. బొమ్మ తడపడానికి ఏ నూతి నీళ్ళైతే ఏంటంట?" అని రేషన్ షాపు వరసలో నిలబడి అన్నదట. నేను వినలేదు. విన్నవాళ్ళు మా గుమ్మంలోకొచ్చి చెప్పారు. నూకరత్నం మాట నూకరత్నం కంటే ముందే ఇల్లు చేరుతుంది.

మతి సంగతి తరవాత. ముందు నా పుట్టుక చెబుతాను.

అజ్జరంలో ఒక కంచరి చేతుల్లో పుట్టాను. ఇత్తడి ఒళ్ళు, లోపల తగరం కళాయి, మెడకు మర, మూత మీద పట్టుకోవడానికి చిన్న కడియం. మామూలు చెంబులోకి తొంగి చూస్తే లోపలేముందో తెలిసిపోతుంది. నాకు మూత బిగిస్తారు కాబట్టి లోపలిది నాకూ, పోసినవాళ్ళకూ మాత్రమే తెలుస్తుంది.

నన్ను కొన్నది హైమావతి తాత కోటిలింగం. ఆయనకొక పట్టింపు ఉండేది. ఏ ఊరెళ్ళినా తన ఊరి నీళ్ళే తాగాలి. సముద్రానికి అంత దగ్గరలో ఉన్న చినమెరకలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే పడేది, ఒక్క ఇసకదిబ్బ మీది నూతిలో తప్ప. ఆ నీళ్ళతో కందిపప్పు రెండు పొంగులకే ఉడికేది. పిల్లకో పిల్లాడికో సంబంధం చూడటానికి వెళితే, మాటలు మొదలవక ముందే ఆయన నా మూత తిప్పి అవతలివాళ్ళకు తలా ఒక గుక్క పోసేవాడు. "ఇదండీ మా ఊరు," అనేవాడు. ఆస్తిపాస్తుల సంగతి ఆ తరవాతే. ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చే నీళ్ళలో ఇంటి పరువు ఉంటుందని కోడళ్ళకు నేర్పాడు. పోయే ముందు, మనవడి పెళ్ళాంగా వచ్చిన మంగతాయారుకు కూడా నేర్పి పోయాడు. ఎదటివాళ్ళకు నేర్పినవి మనం పోయాక ఎక్కడ పని చేస్తాయో ఎవరికీ తెలియదు.

ఆయన తరవాత ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. నేను అటకెక్కాను. ఇరవై ఏళ్ళు పాత చాపల మధ్య పడుకున్నాను. కళాయి అక్కడక్కడా పోయింది.

నేను అటక మీద ఉండగానే ఊళ్ళోకి రొయ్య వచ్చింది. మనవడు భూషణం దిబ్బ పక్కనున్న నాలుగెకరాల వరిచేను తవ్వి చెరువు చేశాడు. పాయలోంచి ఉప్పునీరు తోడి నింపాడు. ఒక్క భూషణాన్ని అనడానికి లేదు. సగం ఊరు అదే పని చేసింది. రొయ్య డాబాలు కట్టించింది, పిల్లల్ని పెద్ద చదువులు చదివించింది, రెండు గుళ్ళకు రంగులు వేయించింది. రొయ్య ఉప్పు తిన్నవాళ్ళు రొయ్యను పల్లెత్తు మాట అనరు. మూడేళ్ళకు దిబ్బ మీది జీడిమామిడి ఆకులు అంచుల్లో మాడాయి. ఐదేళ్ళకు ఇంటింటికీ ఆటోలో నీళ్ళ టిన్నులు రావడం మొదలైంది. ఎందుకొస్తున్నాయని ఎవరూ ఎవరినీ అడగలేదు.

హైమావతి భూషణం చెల్లెలు. హైస్కూల్లో డ్రాయింగు టీచరు. పెళ్ళి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే వీధివైపు గదిలో ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఆమె వేసేది నీళ్ళనే. ఎండిన పంట బోదెలు, నురగ తేలే మురుగు కాలవలు, వెల్లకిలా తేలిన చేపలు. పట్నంలో ఆ బొమ్మలు ప్రదర్శనకు పెడితే పెద్దవాళ్ళు వచ్చి చాలాసేపు చూసేవారు, బాధపడేవారు, మధ్యాహ్నం భోజనంలో రొయ్యల వేపుడు అడిగి వేయించుకునేవారు. ఆమె కలెక్టరాఫీసుకు అర్జీలు కూడా పెట్టేది. వాటిని మాత్రం ఎవరూ చాలాసేపు చూడలేదు.

ఒకరోజు దిబ్బ మీద కూర్చుని, దగ్గరున్న నూతి నీళ్ళతోనే రంగులు కలిపి బొమ్మ వేసింది. ఆరాక చూస్తే నీలంరంగు మీద సన్నటి తెల్లపొడి తేలింది. నాలుక ఆనించి చూసింది. ఆ సాయంత్రమే నన్ను అటక దింపి చింతపండుతో తోమింది.

అప్పట్నుంచి నెలకొక ఆదివారం మా ఇద్దరికీ అదే పని. దిబ్బనూతి నీళ్ళు నాలో నింపుతుంది. ఆ నీళ్ళతోనే ఆ నూతినే వేస్తుంది. అదే గిలక, అదే గట్టు, అవే రంగులు, అదే కొలత కాగితం. తను ఏమీ మార్చదు. మార్చేదంతా నీళ్ళే. నలభై మూడు బొమ్మలయ్యాయి. మొదటివాటిలో నీడలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. చివరివాటిలో చెమట ఆరిన చొక్కా వీపులాగా తెల్లచారలు కట్టాయి.

ఇంతలో దిబ్బ చుట్టూ ఇంకో ఇరవై ఎకరాలు చెరువులు చేయడానికి దరఖాస్తు పడింది. దానిలో మొదటి సంతకం భూషణానిది. ఊరి మాట వినడానికి జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పంచాయతీ ఆఫీసులో సభ. అనుమతి వస్తే నుయ్యి ఇక నుయ్యిగా మిగలదని హైమావతికి తెలుసు. నూతి నీళ్ళ పరీక్ష ఫలితం ఇంకా రాలేదట. కాబట్టి ఆమె చేతిలో ఉన్న సాక్ష్యం బొమ్మలే. వాటిని గోడ నుంచి గోడకు తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసింది.

ముందు భూషణం లేచాడు. "నూతి నీళ్ళు సుబ్బరంగా ఉన్నాయండి. మా ఇంటిల్లిపాదీ ఆ నీళ్ళే తాగుతన్నామండి, ఆయ్."

"మరి టిన్నులెందుకు వస్తున్నాయి అన్నయ్యా?" అంది హైమావతి.

"అది పిల్లల ఫ్యాషనండి," అన్నాడు ఆఫీసరుకేసి తిరిగి. సభలో వందమంది ఉన్నారు. వందమంది ఇళ్ళకూ టిన్నులు వస్తాయి. వందమందీ నేలకేసి చూశారు.

ఆఫీసరు కొబ్బరిబొండాం తాగుతూ తాడు పొడవునా నడిచాడు. "బాగా వేశారమ్మా. కానీ ఈ తెలుపు రంగులోది కావచ్చు, కాగితానిది కావచ్చు. నీళ్ళదే అని ఎలా చెప్పను?"

"మా సెల్లి ఉప్పు జల్లుకుంటదండి. కూరల్లో మర్సిపోద్ది గానీ బొమ్మల్లో మర్సిపోదు," అన్నాడు భూషణం. అందరూ నవ్వారు.

"మీ ఎదటే వేస్తాను. అప్పుడు చూడండి," అంది హైమావతి. నేను అప్పటికి ఇంట్లోనే ఉన్నాను, ఇంతవరకూ చెప్పిన సభంతా తరవాత విన్నదే. నూకరత్నాన్ని పంపింది.

నూకరత్నం పరుగున వచ్చి మంగతాయారుతో చెప్పింది: "దిబ్బనూతి నీళ్ళు మరచెంబుతో పట్టుకు రమ్మంది మీ ఆడబడుచు. ఆఫీసరుగారి ముందు పెట్టాలంట, బేగి!"

మంగతాయారు నన్ను తీసుకుంది. పెరటి గుమ్మం దాటి దిబ్బవైపు పది అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది. నన్ను మెరిసేదాకా తోమి, వంటింట్లో టిన్ను వంచి, నింపి, మూత బిగించింది. నేను నిర్ఘాంతపోయాను. మొగుడు నేర్పి పెట్టి ఉంటాడనుకున్నాను. చెంబు బుద్ధి, అంతకంటే ఏం తోస్తుంది? దారి పొడవునా అరవాలనిపించింది.

హైమావతి అందరి ముందూ నా మూత తిప్పింది, రంగులు కలిపింది. చెయ్యి తిరిగిన బొమ్మ కదా, పావుగంటలో గిలక, గట్టు, నీడ వచ్చేశాయి. ఫాను కింద ఆరబెట్టారు. పొర మీద పొర, మూడుసార్లు నీలం వేసింది. ఆరింది. ఒక్క తెల్లచుక్క లేదు. కొత్త పెళ్ళికూతురి కాటుకలా నల్లగా, నున్నగా ఉంది నీడ.

"సూశారాండీ!" అన్నాడు భూషణం. ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు. హైమావతి కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూసింది, వేలితో రాసి చూసింది. చివరికి నన్నెత్తి ఒక గుక్క తాగింది. మొహం మారింది. గుమ్మం దగ్గర కొంగు కప్పుకుని నిలబడ్డ మంగతాయారు వైపు తిరిగింది.

"వదినా, ఇవి దిబ్బనూతి నీళ్ళేనా?"

"టిన్ను నీళ్ళు."

"నూతి నీళ్ళు కదా తెమ్మన్నాను!"

మంగతాయారుకు కోపం వచ్చింది. అంతమంది ముందు ఆడబడుచు తనను తప్పు పట్టడం నచ్చలేదు. గొంతు పెంచి, ఒక్కొక్క మాటా అందరికీ వినబడేలా అంది:

"తెమ్మన్నావు. అయితే మాత్రం, ఇంత దూరం వచ్చిన పెద్దమనిషి ముందు ఆ నీళ్ళెట్టా పెట్టమంటావమ్మాయ్, తాతగారి చెంబులో పోసి? మన గేదే మూతి పెట్టట్లేదు వాటిల్లో!"

ఆఫీసరు పెన్ను దరఖాస్తు మీద ఆగింది.