హయసింత్ పూలజడ

రేపు సీమంతం అనగా ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో మళ్లీ మంచు తుఫాను అన్నారు. మార్చి నెలాఖరులో ఇదేం చోద్యమమ్మా!

మా మనవరాలు స్మృతి కిటికీ దగ్గర నుంచి కదలదు. కిందటిసారి దాని కడుపు నిలవలేదు. ఈసారి నెల తప్పిందని తెలిసిన వారమే పెరట్లో హయసింత్ దుంపలు పాతింది. ఆ పూలతోనే పూలజడ వేయించుకుంటానని పట్టు. తీరా గుత్తులు సగం విచ్చి, సంపెంగల్లా గుప్పుమంటున్న వేళ ఈ పాడు చలి.

"కోసి లోపల నీళ్లల్లో పెడదామే," అన్నాను.

"నో అమ్మమ్మా! ఇంకా మొగ్గలున్నాయి. కట్ చెయ్యొద్దు, ప్లీజ్." దాని చెయ్యి పొట్ట మీదికి పోయింది.

నా పాత నూలు చీరలు తెచ్చి మొక్కల మీద కప్పాను. మా ఊళ్లో చలిమంచుకి కనకాంబరాలను అలాగే కాచుకునేవాళ్లం. మధ్యాహ్నానికి మొదట వాన, వెనకాలే మంచు. నూలు కదా, నీళ్లన్నీ పీల్చుకుంది. చూస్తుండగానే చీరలు అప్పడాల్లా బిర్రబిగిసి, మొక్కల్ని నేలకు అదమసాగాయి.

"లాగేద్దామా అమ్మమ్మగారూ?" అంటూ మనవరాలి మొగుడు ఉదయ్ బయటికి ఉరికాడు.

"లాగితే తలలు ఊడొస్తాయి నాయనా! పసిపిల్ల మీద దుప్పటి తీసినట్టు ఎత్తు."

స్మృతి తలుపు తీసింది. "పోయాయా? చెప్పండి, పోయాయా?"

"గడప దాటావో కాళ్లు విరగ్గొడతా!" అని అరిచాను. ఆ మంచు మీద జారితే?

ఒక వరస విరిగిపోయింది. మిగతావి వంగాయి. వాటికేం కప్పాలి? రేపటి పులిహోరకని అడిగి తెచ్చిన పెద్ద స్టీలు గిన్నెలు గుర్తొచ్చాయి. ఉదయ్ మోసుకొస్తే, మొక్కల మీద బోర్లించి పైన ఇటుకలు పెట్టాం. రాత్రంతా అవి గాలికి గణగణమంటూనే ఉన్నాయి.

తెల్లారింది. మొదటి గిన్నె ఎత్తాను. కింద పువ్వు నల్లగా కమిలిపోయింది. ఉదయ్ జాగ్రత్తగా నడిపించుకొచ్చిన స్మృతి నా భుజం గట్టిగా పట్టుకుంది. రెండోది ఎత్తితే పువ్వు కంటే ముందు వాసన వచ్చింది.

"కొయ్యి అమ్మమ్మా," అంది ఏడుస్తూనే.

గుచ్చితే జడకి సగమే వచ్చాయి. షాపుకెళ్లి రోజెస్ తెస్తానన్నాడు ఉదయ్.

"వద్దు. మనవి చాలు," అంది స్మృతి, వీపు నాకేసి తిప్పి కూర్చుంటూ.

పులిహోర మాత్రం ఆలస్యమైంది. గిన్నెలకు పట్టిన మట్టి ఓ పట్టాన వదల్లేదు మరి.