అత్తకూ అల్లుడికీ మధ్య ఒక జంపఖానా

నేను ఒక జంపఖానాను. ఈ సంగతి ముందుగానే స్పష్టం చేయవలసి వస్తోంది. ఎందుకంటే ప్రస్తుతం నేను నివసిస్తున్న ఎడారిలో నన్ను అందరూ దుప్పటి అంటారు. దుప్పటి మనిషి మీద ఉంటుంది. జంపఖానా మీద మనిషి ఉంటాడు. ఇంత చిన్న తేడా తెలియని సమాజంలో ఇన్నేళ్ళు మర్యాదగా నెట్టుకొచ్చానంటే అందుకు నా పెంపకమే కారణం.

వరంగల్లు కొత్తవాడలో ఓదెలు అనే నేతగాని మగ్గం మీద పుట్టాను. ఎరుపు, నీలం చారలు, అంచున నల్లని గీత. పడుగు బిగించేటప్పుడు ఎంతో శ్రద్ధ చూపే ఓదెలు, నా మీద కూర్చోబోయే పెద్దమనుషుల గురించి మాత్రం బొత్తిగా శ్రద్ధ లేకుండా మాట్లాడేవాడు. "ఎవడు కూసున్నా ఒక్కటే బిడ్డా, బరువే తప్ప ఏముంటది" అనేవాడు. ఆ తరువాత నేను హాజరైన సభలన్నీ ఆయన మాటకు సాక్ష్యం చెప్పాయి.

హనుమకొండలో ఒక టెంట్ హౌస్ యజమాని నన్ను కొన్నాడు. శామియానాలతోపాటు నేనూ అద్దెకు వెళ్ళేదాన్ని. పెళ్ళిపందిట్లో వధూవరుల మధ్య పట్టుకునే అడ్డుతెరను చూసి కొన్నాళ్ళు అసూయపడ్డాను. జానెడు గుడ్డ; జీలకర్ర బెల్లం పెట్టేంతవరకే దాని ఉద్యోగం. అయినా అందరి కళ్ళూ దాని మీద, క్షమించాలి, అందరి పిరుదులూ నా మీద. అలకపాన్పు నాడు కొత్త అల్లుడు మూతి ముడుచుకుని కూర్చునేదీ నా మీదే. అత్తగారు వచ్చి, గడ్డం పట్టుకుని బతిమాలి, గారెలు తినిపించేది. ఆ నూనె మరకల్లో రెండు మూడు ఇప్పటికీ నా మీద ఉన్నాయి. అత్తా అల్లుళ్ళ సంబంధం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఒకసారి ఒక సాంస్కృతిక సంఘం వార్షికోత్సవంలో, అధ్యక్షులవారు తమ వంతు రాకముందే నిద్రలోకి జారుకుని, వేళ్ళ మధ్యనున్న సిగరెట్టును కూడా జారవిడిచారు. నా నడుమ రూపాయి బిళ్ళంత రంధ్రం పడింది. ఆ సభలో ప్రేక్షకులు మేలుకున్న ఘట్టం అదొక్కటే. ఆ రంధ్రాన్ని గుర్తుంచుకోండి.

ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక నేలమీద కూర్చునే జాతి క్రమంగా అంతరించింది. మూలనపడిన నన్ను యజమాని తన కూతురు స్వరూప పెట్టెలో సర్దాడు. ఆమె నర్సు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో, ఆదివాసులు నివసించే ఒక మారుమూల ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. విమానాశ్రయంలో ఆవకాయను ఆపేశారు. నన్ను ఒక కుక్కకు అప్పగించారు. అది నన్ను ఆమూలాగ్రం వాసన చూసి, ప్రమాదం లేదని తేల్చింది. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను పరిశీలించిన పండితుడు మరొకరు లేరు.

ఆ ఊరు ఎర్రటి ఇసుకలో ఉంటుంది. రేకుల ఇళ్ళు, ఒక దుకాణం, ఒక ఆసుపత్రి, గడ్డిపోచ కూడా లేని ఫుట్‌బాల్ మైదానం, మనుషులకంటే ఎక్కువగా కుక్కలు. కుర్చీలు లేకపోలేదు. వాటిని కుక్కలకు వదిలేసి, మనుషులు నేలమీద కూర్చుంటారు. నా వారి మధ్యకే వచ్చానని తెలిసి నా చారలు విచ్చుకున్నాయి. స్వరూప నన్ను ఆసుపత్రి బల్ల మీద పరిచింది.

అక్కడికి తరచుగా వచ్చేది మేవిస్ అనే పెద్దావిడ. స్వరూప ఆమెను అవ్వ అనేది. మేవిస్ అడవి గింజలతో ఎర్రటి దండలు గుచ్చేది. మోకాలి నొప్పి అంటూ వచ్చి, మాట మధ్యలో సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించమనేది. ఆమె రెండు కళ్ళలోనూ శుక్లాలు దట్టంగా కమ్ముకున్నాయి. మోకాలు నిక్షేపంగా ఉండేది. ఈ మాటలన్నీ వారు తమ భాషలోనూ, తమకు కావలసినట్టు వంచుకున్న ఇంగ్లీషులోనూ ఆడుకునేవారు. నేను నా తెలుగులో మనవి చేస్తున్నాను.

ఒకరోజు మేవిస్ నా మీద కూర్చుని కళ్ళు చూపించుకుంటూ ఉండగా, చేతికి గాయంతో లెస్టర్ వచ్చాడు. అతడు మేవిస్ కూతురు జానెల్ భర్త. స్వరూప ముఖం వికసించింది. తెలుగింటి పిల్ల కదా. అల్లుడు గుమ్మంలోకి వస్తే ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. "రండి రండి, మీ అత్తగారు లోపలే ఉన్నారు" అంటూ అతని మోచేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

తరువాత జరిగింది నేను సరిగా చూడలేకపోయాను. ఎందుకంటే మేవిస్ నన్ను ఒక్క గుంజు గుంజి తల మీదుగా ముసుగు వేసుకుంది. తలుపు వైపు స్వరూప అడ్డుగా ఉండటంతో లెస్టర్ కిటికీలోంచి దూకాడు. కిటికీ కింద పడుకున్న కుక్కలు ఆ విషయమై తమ అభిప్రాయాన్ని ఊరంతటికీ తెలియజేశాయి. వరండాలో ఉన్న ముసలివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆసుపత్రిలో పనిచేసే ఆ ఊరి మనిషి లొరెయిన్ నవ్వు ఆపుకుని చెప్పింది. "సిస్టర్, నువ్వు ఇద్దరినీ సిగ్గుతో చంపేదానివి. అల్లుడు అత్త ముఖం చూడకూడదు. మాట్లాడకూడదు. ఒకే నీడలో కూర్చోకూడదు."

"అంత కోపమా?" అంది స్వరూప.

"కోపమేంటి? గౌరవం."

లెస్టర్ వేటాడి తెచ్చిన మాంసంలో మంచి ముక్క ఎప్పుడూ మేవిస్‌కే వెళుతుందట, జానెల్ చేతుల మీదుగా. మేవిస్ దుకాణంలో ఉంటే లెస్టర్ ఎండలో బయట నిలబడతాడట. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. అవ్వకు ఇప్పుడు ఎలాగూ చూపు ఆనదు కదా, ఇంకా ఈ పట్టింపు ఎందుకని స్వరూప అడిగింది. నా ముసుగులోంచే మేవిస్ సమాధానం చెప్పింది. "నా కళ్ళు పోయాయి. అతనివి బాగానే ఉన్నాయి కదా."

నా మీది గారెల మరకలు మొదటిసారిగా నాకు కొంచెం సిగ్గుగా తోచాయి.

కొన్ని నెలలకు పట్నానికి కంటి డాక్టర్లు వస్తున్నారని కబురు వచ్చింది. ఆ ఎడారికి వాళ్ళు ఎప్పుడో గాని రారు. మేవిస్ కళ్ళు ఇంకోసారి దాకా ఆగవని స్వరూపకు తెలుసు. తీరా బయలుదేరవలసిన నాటికి, ఊళ్ళో నడిచే బండ్లన్నీ ఫుట్‌బాల్ పోటీలకు తరలిపోయాయి. ఆసుపత్రి బండి గేరుబాక్సు ఊడదీసి ఉంది. మిగిలింది ఒక్క పాత టొయోటా. అది లెస్టర్‌ది. జానెల్ పట్నం ఆసుపత్రిలో ఆడపిల్లను ప్రసవించింది. చూడటానికి అతడు బయలుదేరుతున్నాడు.

బండి ఒకటి, దారి ఒకటి, ఎక్కవలసినవారు అత్తా అల్లుడూ. ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించారు. లొరెయిన్ మాత్రం లేచి వెళ్ళి, బల్ల మీద నుంచి నన్ను లాగి, ముందు సీట్ల వెనుక, తలుపుల పైనున్న ఈ పిడి నుంచి ఆ పిడి దాకా బిగించి కట్టింది.

అలా నేను అడ్డుతెరనయ్యాను. హనుమకొండలో పడిన అసూయ ఇంత దూరం వచ్చి తీరింది.

లెస్టర్ తనంతట తానే వెనుక చూపించే అద్దాన్ని ఊడదీసి సీటు కింద పడేశాడు. మేవిస్ వెనుక కూర్చుంది. కబుర్లు అందించడానికి స్వరూప ముందు కూర్చుంది. నా రంధ్రం సరిగ్గా మేవిస్ కంటి ఎత్తున వచ్చింది. స్వరూప ప్లాస్టరు అంటించబోతే మేవిస్ నవ్వింది. "ఈ కళ్ళతో నాకు ఆ చిల్లు ఎక్కడుందో కూడా దొరకదు." లెస్టర్ మాత్రం ఆ చిల్లుకు ఎదురుపడకుండా, దారి పొడవునా తలుపుకు ఆనుకుని, ఒక పక్కకు ఒరిగి బండి నడిపాడు.

మన శాసనసభల్లో ఎదురెదురుగా కూర్చున్నవారు 'అధ్యక్షా' అంటూ మూడో మనిషితో చెప్పుకుంటూ తిట్టుకుంటారు. బండిలోనూ అదే మర్యాద సాగింది.

"సిస్టర్, గుంతలు చూసి నడపమను."

"గుంతలు చూసి నడపమంటున్నారు."

"నేను చూస్తూనే ఉన్నానని చెప్పు సిస్టర్. గుంతలే నన్ను చూసి తప్పుకోవడం లేదు."

ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అయినా స్వరూప నోటి నుంచి వచ్చేంతవరకూ అధికారికంగా ఎవరికీ ఏదీ వినబడనట్టే. పాపం, ముందురోజు కూడా డ్యూటీ చేసిన స్వరూప మధ్యాహ్నం ఎండకు అద్దానికి తల ఆనించి నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే మేవిస్‌కు భయం పుట్టింది. డాక్టర్లు కన్ను బయటికి తీసి, పళ్ళెంలో పెట్టి, కడిగి, మళ్ళీ పెడతారని ఆమెకు ఎవరో బంధువు చెప్పిందట. "సిస్టర్, నేను రాను. బండి వెనక్కి తిప్పమను" అంది. ముందు నుంచి గురక వినిపించింది. ఆమె మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా అంది. లెస్టర్ చెయ్యి చాపితే స్వరూప భుజం అందుతుంది. అతడు చెయ్యి చాపింది నిజమే. సిస్టర్ నిద్ర చెడకుండా రేడియో శబ్దం తగ్గించడానికి. కబురు సక్రమంగా అందితే మాత్రం తిప్పి తీరాలి. అత్త మాట కాదనడం అతనికి కుదరని పని.

అప్పుడు మేవిస్ అరచెయ్యి నా మీద ఆనింది. "దుప్పటీ, నువ్వు చెప్పు. బండి తిప్పమను."

పుట్టి బుద్ధెరిగిన తరువాత నాతో నేరుగా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. జంపఖానా అని సవరించే వ్యవధి లేకపోయింది. నాకు అప్పగించిన మొట్టమొదటి బాధ్యత అది. నేను నెరవేర్చలేదు. నూలు నూలులాగే వేలాడాను. బండి ముందుకే పోయింది.

కొంతసేపటికి లెస్టర్ గొంతు సవరించుకున్నాడు. చూపు రోడ్డు మీదే ఉంది.

"దుప్పటీ, నేనేమీ వినలేదు. నీకో మాట చెప్పాలి. పాప ఫొటో ఫోనులో పంపారు. జానెల్ అంటోంది, నర్సులు అంటున్నారు, అందరిదీ ఒకటే మాట: అచ్చం వాళ్ళ అమ్మమ్మ ముఖం అని. నాకెలా తెలుస్తుంది? ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. తేల్చి చెప్పగలిగేది ఒక్కరే. ఆవిడకేమో పాప కనబడదు."

నా మీది అరచెయ్యి అలాగే ఉంది.

"దుప్పటీ," అంది మేవిస్ చివరికి, "ముక్కు కూడానా అని అడుగు."

"ముఖ్యంగా ముక్కే, దుప్పటీ."

"అయ్యో, పాపం పిల్ల" అంది మేవిస్. ఆమె నవ్వుకు నేను అటూ ఇటూ ఊగాను. ఆ తరువాత గొంతు మార్చి, "ఈ ముసలి ఒంటె నడకకు డాక్టర్లు ఇళ్ళకు వెళ్ళిపోతారు. తొందరగా పోనివ్వమను" అంది.

ఈసారి కూడా నేను నోరు మెదపలేదు. లెస్టర్ మాత్రం ఈ కబురు అందినట్టే భావించాడు. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆ కుదుపుకు మేలుకున్న స్వరూప, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. ఇద్దరూ లేదన్నారు. విడివిడిగా.

డాక్టర్లు సామాను సర్దుకోకముందే చేరాము. కన్ను పళ్ళెంలో పెట్టలేదు. రెండోదాని సంగతి తరువాత చూద్దామని, ముందుగా ఒక కంటికి చేశారు. మర్నాడు కట్టు విప్పాక జానెల్ పాపను ఆమె ఒళ్ళో పెట్టింది. మేవిస్ చాలాసేపు చూసి, అద్దం తెమ్మందట. బండి పక్కన నిలబడి స్వరూప లొరెయిన్‌కు ఫోనులో చెబుతుంటే విన్నాను.

తిరుగు ప్రయాణానికి బండి వెనుక తలుపు తెరుచుకుంది. మేవిస్ నన్ను చూసి ఆగిపోయింది. "ఇది ఎరుపా! నేను మట్టిరంగు అనుకున్నాను. చూడు, నీలం కూడా ఉంది." నా వయసు వారికి ఇలాంటి మాటలు అలవాటు ఉండవు. అప్పుడు ఆమె చూపు కిందికి దిగి రంధ్రం దగ్గర నిలిచింది. అందులో వేలు పెట్టి చూసింది.

లెస్టర్ దూరంగా చెట్టు కింద, పాపను భుజాన వేసుకుని, ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

మేవిస్ నన్ను విప్పించి, నేలమీద కూర్చుని, సంచిలోంచి సూది తీసింది. తలవంచి పని చేయకూడదని స్వరూప నర్సుగా మందలించింది. ప్లాస్టరు వేస్తానంది. "ప్లాస్టరు రాలిపోతుంది" అంది మేవిస్. "కన్ను బాగైంది కదా. ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి." తన ఊలు టోపీ అంచు నుంచి పసుపు దారం లాగింది. అలవాటు కొద్దీ స్వరూప చెయ్యి చాపింది. మేవిస్ ఆ చేతిని పక్కకు నెట్టి, సూదిని వెలుతురుకు ఎత్తి, తానే దారం ఎక్కించింది.

అలా, చూపు వచ్చాక ఆ కన్ను చేసిన మొదటి కుట్టుపని, తాను చూడకూడని చోటును మూసుకోవడం. ఓదెలు మగ్గం మీద కూడా నన్ను ఎవరూ అంత మెల్లగా ముట్టుకోలేదు.

నన్ను మళ్ళీ యథాస్థానంలో కట్టాక బండి కదిలింది. ముందు సీట్లో పాపతో జానెల్, వెనుక స్వరూప, ఇద్దరూ మేలుకునే ఉన్నారు. కబురు మోయడానికి ఎవరినైనా అడగవచ్చు. మేవిస్ అరచెయ్యి పసుపు కుట్టు మీద ఆనింది.

"దుప్పటీ, చెప్పు. ముక్కు నాదే. మిగతాదీ నాదే."

మొదటి కబురు చేరవేయని నేను దీన్ని చేరవేశాను. ఎలా అని అడగకండి. లెస్టర్ బండి ఆపి, జానెల్ ఒడిలోని పాప వైపు తిరిగాడు. వెనుక నుంచి ఎవరూ తొందర పెట్టలేదు.

ఇప్పుడు ఆ టొయోటా చక్రాలు లేకుండా ఇంటి వెనుక ఉంది. కుక్కలు కాపురం చేస్తున్నాయి. నేను పదవీ విరమణ చేసి మేవిస్ కింద, ఇసుక మీద, నా అసలు వృత్తిలో ఉన్నాను. కబుర్లు మోసే ఉద్యోగం ఆ పిల్లకు దక్కింది. ఈ ఇంటి నీడ నుంచి ఆ ఇంటి నీడకు పరుగెత్తి, రెండు వైపులా చెప్పి, రెండు వైపులా ఏదో ఒకటి తింటుంది. సాయంత్రానికి ముఖం నిండా ఎర్రమట్టి. దూరంగా లెస్టర్ తడిగుడ్డతో ఆ ముఖం తుడుస్తాడు. నుదురు, బుగ్గలు, ఆ ముక్కు. మట్టి ఎప్పుడో పోయి ఉంటుంది. అతడు తుడుస్తూనే ఉంటాడు. మేవిస్ ఇటు తిరిగి దండ గుచ్చుకుంటూ ఉంటుంది.