వీపు మీద ఎర్రగీత

ఆ ప్లంబరుకు ఒళ్లు దాచుకోవడం తెలియదు. ఎంత ఇరుకు సందులోనైనా దూరి పని ముగించుకునేవాడు. ఆ వేసవిలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఓ ఇంటి కిందికి పాకి, ఉక్కకు తాళలేక చొక్కా విప్పి, మెత్తటి ఇసుకలో వెల్లకిలా పడుకుని పైపులు బిగించాడు. ఆ ఇసుక వీధిలోని పిల్లులన్నిటికీ మరుగుదొడ్డి అని అతనికి తోచనే లేదు.

కొన్నాళ్లకు వీపు దురద మొదలైంది. ద్వారబంధానికి ఎలుగుబంటిలా వీపు రుద్దుకుంటూ, నేరం కొత్త చొక్కా మీదికి నెట్టాడు.

"నీ కుట్టే గుచ్చుకుంటోందే," అన్నాడు భార్యతో.

ఆమె దర్జీ. ఆ మాటకు మిషను తొక్కడం ఆపేసింది.

"నా కుట్టుకే వంక పెడతారా? ఏదీ, ఇలా తిరగండి."

చొక్కా విప్పించి చూసింది. నడుముకు కాస్త పైన సన్నటి ఎర్రగీత ఉబ్బి, మెలికలు తిరిగి ఉంది.

"ఇంత వంకర కుట్టు నేను పని నేర్చుకునే రోజుల్లో కూడా వెయ్యలేదు," అని గీత చివర పెన్నుతో చుక్క పెట్టింది.

"అదెందుకు?"

"పెరుగుతుందేమో చూద్దామని."

తెల్లారేసరికి గీత చుక్కను దాటి ముందుకు పోయింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏమండీ, ఇది నడుస్తోంది!"

అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. సూది పేరు చెబితేనే వణికే మనిషి, ఆరోజు ఆస్పత్రికి ఆమెకంటే ముందే చెప్పులు వేసుకున్నాడు.

డాక్టరమ్మ వీపు చూసి చిన్నగా నవ్వింది. "పిల్లి కడుపులో పెరగాల్సిన పురుగు పిల్లండీ ఇది. ఇసుకలోంచి మీ చర్మంలోకి దూరింది. మనిషి ఒంట్లో లోపలికి పోవడం దానికి చేతకాదు కాబట్టి పైపైనే తిరుగుతోంది."

"పాపం, ఇల్లు తప్పి వచ్చింది," అంది భార్య.

"నీకు వేళాకోళంగా ఉందా? ఇక్కడ సూది పొడిపించుకోవాల్సింది నేను!"

"సూది అక్కర్లేదు, మాత్రలు చాలు," అంది డాక్టరమ్మ.

అతనికి ప్రాణం లేచొచ్చింది. బయట రోగులు కూర్చున్న గదిలోకి రాగానే, "చొక్కా తప్పేం లేదులే," అని గొణిగాడు.

"ఏంటీ? వినపళ్లేదు."

"చొక్కా తప్పు లేదన్నాను!"

గదిలో అందరూ తలెత్తి చూశారు. ఆమె మాత్రం మహారాణిలా నడిచి వెళ్లింది.

మాత్రలకు దురద తగ్గింది, గీత మెల్లగా మాసిపోయింది. ఇప్పుడతను ఏ ఇంటి కింద దూరినా ముందు పట్టా పరుస్తాడు, చొక్కా విప్పడు. కానీ పొద్దున్నే ఆమె ముందు వీపు తిప్పి కూర్చోవడం మాత్రం మానలేదు.

"ఇంకా ఏముందని?"

"ఏమో, చూడు. పనిలో పనిగా కాస్త గోకు."

"పురుగు పోయినా ఈయనగారి రోగం పోలేదు," అంటూ ఆమె గోకుతుంది.