ముప్ఫై ఏడో ప్రశ్న

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ తిరుమల ముప్ఫై ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఒళ్లో పళ్లెం, పక్కన మాదిరి పరీక్ష పేపరు. ఆమె భర్త కుమారస్వామి హన్మకొండలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాడు. నాలుగైదు పాత గైడ్లు ముందేసుకుని ప్రశ్నలూ జవాబులూ ఎత్తి నూట యాభై ప్రశ్నల పేపరు కూరుస్తాడు. శనివారం పొద్దున పిల్లలు పరీక్ష రాసి, జవాబుల పట్టికతో మార్కులు చూసుకుంటారు. మధ్యాహ్నానికి పేపరు ఇంటికొస్తుంది. జవాబుల పట్టికలో తప్పులు ఏరి దిద్దడం తిరుమల పని. ఆదివారం క్లాసులో వాటిని చెప్పడం ఆయన పని. ఏడేళ్లుగా అంతే. పేపరు మీద పేరు మాత్రం ఆయనది.

అయినా ఈ పనంటే ఆమెకు ఇష్టం. నర్సంపేట దగ్గరి పల్లెలో, పత్తి ఏరే ఇంట్లోంచి ఎం.ఏ. దాకా వచ్చిన మొదటి మనిషి తను. ఒక తప్పు దొరికితే కలిగే సంబరం కొత్త చీర కట్టినా కలగదు. అత్త భద్రమ్మ కూడా "మా కోడలు సదువుకుంట కూర గోస్తది, కూర గోసుకుంట సదువుతది" అని ఇరుగుపొరుగుకు గొప్పగానే చెబుతుంది. వెంటనే ఇంకో మాట కలుపుతుంది. "ఇంట్ల కూసుండి చేసేదే గదా, దానికేం కష్టం!"

ముప్ఫై ఏడోది ఒక పేరా చదివి జవాబు గుర్తించే ప్రశ్న. కొండపల్లెలో ఒక ఇంటికి చుట్టాలొస్తారు. ఇల్లాలు రెండుసార్లు బావికి పోయి నీళ్లు మోసుకొస్తుంది, అందరికీ వడ్డిస్తుంది, మిగిలిన రొట్టె తలుపు దగ్గర నిలబడి తింటుంది. ఒక్క మాటా మాట్లాడదు. ఆమె మౌనానికి కారణం? ఎ, భయం. బి, తృప్తి. సి, అలక. డి, ఆమెను ఎవరూ ఏమీ అడగకపోవడం. పట్టికలో బి అని ఉంది.

"లావణ్య అనే పిల్ల డి పెట్టిందట. మార్కు పోయిందని పరీక్ష అయినసంది ఫోన్ల మీద ఫోన్లు," అన్నాడు కుమారస్వామి చాయ్ ఊదుకుంటూ.

"ఆ పిల్ల కరెక్టే పెట్టింది."

"ఎట్లనే? సప్పుడు జెయ్యకుంట పని జేసుకుంటాందంటే తృప్తిగ ఉన్నట్టే గదా."

తిరుమల పేరా చివర వేలు పెట్టింది. "ఇగో, జర ఇది సూడండ్రి. చుట్టాలు పోయినంక చిన్నబిడ్డ వచ్చి, బావికాడ ఏమైందమ్మా అనడిగింది. ఇగ నవ్వుకుంట ఎన్ని ముచ్చట్లు చెప్పింది! అడిగితే చెప్తాంది. అడగనోళ్ల ముంగట ఊకున్నది, అంతే."

అతను చదివాడు. మళ్లీ చదివాడు. కానీ కోచింగ్ సార్లకు ఒక పద్ధతుంది. జవాబు మీద అనుమానం వస్తే ముగ్గురు సార్లకు ఫోన్ చేస్తారు, ఎక్కువమంది ఏదంటే అదే ఖాయం చేస్తారు. మొదటి సారు బి అన్నాడు. రెండో సారూ బి అన్నాడు. మూడో సారు సారంగపాణి. స్పీకర్లో ఆయన గొంతు ఇల్లంతా వినబడింది.

"బీనే స్వామీ, ఫికర్ జెయ్యకు. మా గైడ్ల వివరణ గూడ ఉన్నది, ఇను." ఇంగ్లిష్‌లో గడగడా చదివాడు. ఆమె మౌనం ఆ ఇంటికి దీపమట, ఆ వెలుగులో తన వాళ్ల ముఖాలు చూసుకుని ఆమె తృప్తి పడుతుందట.

తిరుమల చేతిలోని కాయ పళ్లెంలోకి జారింది. ఇన్నేళ్లలో ప్రశ్నను మరిచిపోయింది గానీ, ఆ వాక్యం తనది. పెళ్లయిన రెండో నెలలో, ఆయన మొట్టమొదటి పేపరు కోసం, కాలేజీ నోట్సులోంచి ఆ పేరా తీసి, ప్రశ్న కట్టి, జవాబు పెట్టి, వివరణ రాసింది తనే. అప్పుడు ఇరవై మూడేళ్లు. చూడొచ్చిన చుట్టాలంతా "పిల్ల నోట్లె నాలికే లేదు, ఎంత మంచిది!" అని మెచ్చుకుంటున్న రోజులు. మెప్పుకు పొంగిపోయి అదే తృప్తి అనుకుంది, అదే రాసింది. ఆ మాటను ఒక గైడు ఎత్తుకుంది, దాన్ని చూసి ఇంకోటి ఎత్తుకుంది. ఇప్పుడు ముగ్గురు సార్ల నోట తిరిగి వచ్చి, తన ఎదుటే నిలబడి, తననే తప్పంటున్నది. ఆమెకు నవ్వాగలేదు.

"ఏందే, గంత నవ్వు?"

చెప్పింది. విన్న కుమారస్వామి మొహం విప్పారింది. "అరె, అయితే తప్పు నీదన్నట్టు! మంచిగైంది. పాత పేపరు మా మేడం జేసింది, పొరపాటైందని రేపు క్లాసుల చెప్తా."

వంటింట్లోంచి భద్రమ్మ తొంగిచూసింది. "తప్పైతే పెండ్లాం మీదికి నూకుతవారా?"

"నూకుడేందమ్మా, ఉన్నమాటే."

ఏడేళ్లుగా ఆ క్లాసుకు మేడం ఒకరున్నారనే తెలియదు. తప్పు దొరికిన రోజునే ఉన్నట్టయింది. తిరుమలకు కోపం రావాల్సింది, రాలేదు. పైగా ఆ ఇరవై మూడేళ్ల పిల్ల మీద ముద్దొచ్చింది. తెలియక రాసింది, ఇప్పుడు తెలిసింది. ఎవరో వచ్చి దిద్దలేదు, తన తప్పును తనే పట్టుకుంది. అంతకంటే ఏం కావాలి!

"మీరెందుకు? రేపు నేనే వచ్చి చెప్త," అంది.

"నువ్వా? క్లాసుకా?" కుమారస్వామి గ్లాసు కింద పెట్టాడు. "వచ్చి ఏమని చెప్తవ్?"

"ముప్ఫై ఏడోదాంట్ల తప్పు నాదే, లావణ్య మార్కు లావణ్యకియ్యాలె అని చెప్త." పళ్లెం తీసుకుని లేచింది. "తక్కిన నూట నలభై తొమ్మిది దిద్దింది గూడ నేనే అని చెప్త."