పిండిన గుడ్డ

మెలిపెట్టిన కొద్దీ గుడ్డలోంచి పాదరసం చుక్కలు చుక్కలుగా ముంతలోకి జారుతోంది. నాగేంద్రమ్మ పళ్ళు బిగించి మరో పట్టు పట్టింది. చివరికి గుడ్డలో మిగిలింది, దుమ్ములోని బంగారు నలుసులను పాదరసం పట్టుకుని కట్టిన శనగగింజంత తెల్లటి ముద్ద. దాన్ని బొగ్గుల మీద కాలిస్తే పాదరసం పొగైపోయి బంగారం మిగులుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ముందు తెల్లవారకముందే ఊడ్చి తెచ్చిన దుమ్మంతా కడిగితే దక్కింది అదే. ఆ దుమ్ములో బీడీ ముక్కలుంటాయి, ఎంగిలి టీ కప్పులుంటాయి, కుక్కలు చేసిపోయినవీ ఉంటాయి. ఆమె ఏనాడూ ముఖం చిట్లించలేదు. మొగుడు పోయాక ఆమెను నిలబెట్టింది ఆ దుమ్మే.

పొట్టి మనిషి. వంగి వంగి నడుం ఇక నిటారుగా నిలవదు. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి నల్లబడింది. కొన్నాళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం చీర మీదే. వయసు మీద పడిందనుకుంది. ఆ వణికే చేతులతోనే, దుమ్ము కడిగే పళ్ళెంలాంటి కొయ్య మరిగెను ఎంత ఒడుపుగా తిప్పుతుందో కళ్ళారా చూడాలి గానీ చెబితే నమ్మరు! మట్టంతా నీళ్ళతో పాటు అంచు దాటిపోతుంది, బంగారు నలుసు మాత్రం అడుగున కదలకుండా కూర్చుంటుంది.

ఎంత జాగ్రత్త మనిషంటే, మరిగె కడిగిన నీళ్ళు వీధిలో పొయ్యదు. పెరట్లో తనే గుంత తవ్వుకుంది. గాలి ఇళ్ళ వైపు కొడుతుంటే పొయ్యి ముట్టించదు. పిండిన గుడ్డను మాత్రం వీధి కుళాయి కింద ఉన్న సిమెంటు తొట్టిలో జాడించేది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది కదా, దాంట్లో ఏముంటుందని! కుళాయి రాని రోజు వీధంతా కడవలు ముంచుకునేది ఆ తొట్టిలోనే.

ఆ ఉదయం గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళేసరికి తొట్టి చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. జమ్మలమడుగు కాలేజీలో పరిశోధన చేసే ప్రసూన నీళ్ళు పరీక్ష చేయడానికి వచ్చింది. ఆమె చేతిలోని చిన్న గాజు గొట్టాల్లో ఎర్రటి నీళ్ళున్నాయి.

"ఏందమ్మా అది, కుంకుమ నీళ్ళా?" అంది నాగేంద్రమ్మ.

"బంగారం అవ్వా. కంటికి ఆనని నలుసులు. వాటికి డీఎన్ఏ పోగులు తగిలించినాం. నీళ్ళలో పాదరసం ఉంటే ఆ పోగులు దాన్ని పట్టుకొని ముడుచుకుంటాయి. నలుసులు ఒకదానికొకటి అతుక్కొని, ఎరుపు నీలమైతాది."

నాగేంద్రమ్మకు నవ్వాగలేదు. "బాగుంది సంబడం! నేను పాదరసం పెట్టి బంగారం పడతాంటే, నువ్వు బంగారం పెట్టి పాదరసం పడతాండావే!"

అందరూ నవ్వారు. ప్రసూన కుళాయి నీళ్ళు ఒక గొట్టంలో వేసింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. తొట్టి నీళ్ళు ఇంకో గొట్టంలో వేసింది. చూస్తుండగానే అది నీలమైంది. నవ్వులు ఆగిపోయాయి.

నాగేంద్రమ్మ పక్కింటి మెహబూబున్నీసాకు నెలలు నిండుతున్నాయి. కడవ కింద పెట్టేసింది. "మేడం, ఈ నీళ్ళే తాగుతాండా నేను. కడుపులో బిడ్డకేమన్నా అయితాదా?"

"ఇంక తాగొద్దమ్మా. రక్తపరీక్ష చేయిద్దాం. కుళాయిలో లేదు, తొట్టిలోనే ఉంది. యాడ్నుంచి వస్తాందో తెలియాల."

"ఇంగెవరు? అంగళ్ళోళ్ళ పనే!" అన్నారెవరో. అందరూ అవునన్నారు.

భుజాన గుడ్డ చల్లగా తగులుతోంది. నోరు మూసుకుని ఇంటికి పోతే అడిగేవాళ్ళు లేరు. చెబితే కూడు పెట్టే పని పోతుంది, వీధి ముఖాన ఉమ్ముతుంది. రంజానుకు తనకోసం సేమ్యా ఎత్తిపెట్టి పిలిచే పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. నాగేంద్రమ్మ గుడ్డ తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"అంగళ్ళోళ్ళు కాదు. నేను. ఈ గుడ్డ దాంట్లోనే జాడిస్తాండా, ఇన్నేండ్లూ."

"నువ్వా అవ్వా?" మెహబూబున్నీసా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేనమ్మా. తెలీక జేసినా. తెలిసినాక యా మొగం పెట్టుకొని దాచేది?"

తిట్టినవాళ్ళు తిట్టారు. ఆమె ఇంటికి వెళ్ళి వచ్చి, పాదరసం సీసా, గుడ్డ ప్రసూన చేతికిచ్చేసింది. మరిగెను వాకిట్లో బోర్లించింది. తొట్టి పగలగొట్టి వేరేది పెట్టారు. నాగేంద్రమ్మ ఒక మెస్సులో గిన్నెలు తోమే పనికి కుదిరింది. ప్రసూన పరీక్షకు వచ్చినప్పుడల్లా అందరికంటే ముందు తొట్టి దగ్గర నిలబడేది ఆమే. గొట్టం ఎర్రగా నిలిచిందని తేలేదాకా కదిలేది కాదు.

మెహబూబున్నీసాకు ఆడపిల్ల పుట్టింది. పిలిచేదాకా నాగేంద్రమ్మ ఆ గడప తొక్కలేదు. పిలిస్తే వెళ్ళి, బిడ్డ పిడికిలిని తన వణికే వేళ్ళతో విప్పింది. ఆ చిన్ని వేళ్ళను శానాసేపు చూసింది. అవి వణకడం లేదు. అప్పుడు ఏడ్చింది, మహాతల్లి.

ఉగాది వెళ్ళాక ఒక ఉదయం, పనికి రాలేదేమని మెస్సువాళ్ళు కబురు పంపితే ఇరుగుపొరుగువాళ్ళు తలుపు నెట్టి చూశారు. నిద్రలోనే పోయింది.

ఆ సంగతి తెలియక ప్రసూన ఎప్పటిలాగే వచ్చింది. తొట్టి నీళ్ళు గొట్టంలో వేసి, అలవాటుగా నాగేంద్రమ్మ వాకిలి వైపు చూసింది. చంకలో బిడ్డతో మెహబూబున్నీసా వచ్చి చెప్పింది. ప్రసూన మూత బిగించిన గొట్టాన్ని పెట్టెలో పెట్టుకోకుండా, ఆ ఇంటి దాకా వెళ్ళి గూట్లో ఆనించి వచ్చింది.

తాళం వేసిన తలుపు పక్కన, బోర్లించిన మరిగెకు పైనున్న గూట్లో, ఆ గొట్టం పొద్దుగూకేదాకా ఎర్రగానే ఉంది.